చలిగాలిలో దాగిన వేడి



అమెరికాలో మెయిన్ రాష్ట్రపు చలికాలమంటే ముందు గుర్తొచ్చేది ఆయిలు బిల్లు. బిల్లుకు జడిసి థర్మోస్టాటు తగ్గించి, అమ్మమ్మకు రెండు స్వెట్టర్లు తొడిగే ఇళ్ళు మనలోనూ ఉన్నవి. అందుకే హీట్ పంపు సంగతి మనం మాట్లాడుకోవాలి.

ఇది వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. ఫ్రిజ్ తన లోపలి వేడిని వెనక్కి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోస్తుంది. సున్నాకు 15 సెల్సియస్ డిగ్రీలు దిగువనున్న గాలిలోనూ వేడి ఉంటుంది మరి! అంతకన్నా చల్లని ద్రవం ఆ వేడికే ఆవిరై, కంప్రెసరులో నలిగి బాగా వేడెక్కుతుంది. మామూలు కరెంటు హీటరు యూనిట్‌కు యూనిట్ వేడే ఇస్తుంది. చలి ప్రాంతాలకని చేసిన ఈ యంత్రం అంత చలిలోనూ సుమారు రెండిస్తుంది.

2025 నాటికి లక్ష పెట్టించాలని 2019లో మెయిన్ అనుకుంది, 2023లోనే పెట్టించింది. అయితే ముందు అటకమీద ఇన్సులేషను, కిటికీల సందులు చూసుకోండి. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోస్తాం? పాత ఫర్నేసును మాత్రం మొదటి చలికాలం తోడుగా ఉంచుకోమనే మేమంటాం.