పాత స్కూటరు - జంగు పట్టిన టాంకీ

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి పెద్దలు మాట్లాడినారు. నన్ను మాత్రం పాత బండ్ల గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నవ్వకండి. ఈ హాలు బయట ఇప్పుడు కూడా రెండు చేతక్‌లు నిలబడి ఉన్నాయి.

చేతక్ 1972లో వచ్చింది. బుక్ చేసి ఏండ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లం. కొందరం హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్‌తో సరిపెట్టుకున్నాం. 2009లో బజాజ్ వారు స్కూటర్ల తయారీ మానుకుంటామని ప్రకటించినారు. 2020లో అదే పేరుతో అమ్మకానికి వచ్చినది కరెంటు బండి, దానికి పెట్రోలు టాంకీయే లేదు. మన బండికి ఉన్నది, అదీ ఇనుప రేకుది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు బండి రోజూ తిరిగేది. ఇప్పుడు పెన్షన్ రోజున బ్యాంకుకు, ఆదివారం కూరగాయలకు. మిగతా రోజులు సగం ఖాళీ టాంకీతో వరండాలో ఉంటుంది. వానాకాలం మన ఆదిలాబాద్ వైపు గాలి ఎంత తడిగా ఉంటుందో మీకు తెలుసు. ఆ తడి రాత్రి పూట టాంకీ లోపల చెమర్చి నీరవుతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు, అడుగుకు దిగి అక్కడే కూర్చుంటాయి. జంగు అక్కడే మొదలవుతుంది. 2025 నాటికి మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. పాత రబ్బరు పైపులకు, వాషర్లకు కూడా అది పడదు.

బండి కిలోమీటరు పోయి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టు అవుతున్నదంటే వెంటనే టాంకీని అనుమానించకండి. ముందు మూత తీసి చూడండి. మూతకున్న గాలి రంధ్రం మూసుకున్నా ఇదే రోగం. అది బాగానే ఉండి, పెట్రోలు కాక్ జాలీలో, కార్బొరేటర్ అడుగున ఎర్రటి పొడి కనబడితే అప్పుడు టాంకీ సంగతే.

నేను సీనియర్ అసిస్టెంటుగా ఆఫీసు జీపు ఫైలు చాలా ఏండ్లు చూసిన. రిపేరా, కండెమ్నేషనా అని నోట్ పెట్టే ముందు మూడు కొటేషన్లు తెప్పించేవాళ్లం. స్కూటరు టాంకీకి అంత తతంగం అక్కర లేదు, ఒక్క ప్రశ్న చాలు: జంగు పైపైనే ఉన్నదా, రేకును తినేసిందా? టాంకీ విప్పి, పెట్రోలు పూర్తిగా వంపి, పగటి వెలుగులో చూడాలి. అగ్గిపుల్ల గీసి లోపలికి తొంగిచూసేవారు నిజంగానే ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. అడుగున, అతుకుల వెంబడి బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోతున్నదా, చెమ్మ కనిపిస్తున్నదా, ఇక అది పోయినట్టే.

పైపై జంగు అయితే శుభ్రం చేయవచ్చు. పాత సన్న గొలుసు గానీ, పిడికెడు నట్లు గానీ వేసి బాగా ఆడించాలి. వాటిని తీసి లెక్క పెట్టుకోవాలి, ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. తరువాత గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రి నింపి ఉంచాలి. ఇంట్లో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమే న్యాయమే ఇది. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం వద్దు, అది జంగుతో పాటు రేకును కూడా తింటుంది. పులుపు నీళ్లు వంపిన తరువాత తినే సోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి, అదే పూట ఎండలో ఆరబెట్టి, లోపల కొంచెం ఆయిలు తిప్పాలి. ఒక పూట ఆలస్యమైతే చాలు, కొత్త జంగు వస్తుంది.

చిల్లు పడిందా? దారిలో బట్టల సబ్బు రుద్ది ఇల్లు చేరవచ్చు. ఎం-సీల్ కొన్నాళ్లు ఆపుతుంది. వెల్డింగు దగ్గర మాత్రం నేను గట్టిగానే చెప్తాను. ఖాళీ టాంకీ అనుకుంటాము గానీ లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది. నిండు టాంకీ కంటే అదే ఎక్కువ ప్రమాదం, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. తెలిసిన పనివాడు ఎన్నోసార్లు కడిగి, నీళ్లు నింపి చేస్తాడు. "అరగంటలో అతికిస్త సార్" అనే పిల్లవానికి ఇవ్వకండి. నా మాట అడిగితే, అతుకుల దగ్గర తినేసిన టాంకీని మార్చడమే మేలు. పాత సామాన్ల దుకాణంలో దొరికే టాంకీనైనా లోపల టార్చి వేసి చూసి తీసుకోండి.

మన ఇండ్లలో బండి వరండాలోనే ఉంటుంది, పక్కనే దేవుని దీపమో, వంటింటి గుమ్మమో. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడే పాకుతుంది. రాత్రి బండి కింద చుక్క కనిపిస్తే "పొద్దున చూద్దాం" అనకండి. కాక్ మూసి, బండిని బయటికి నెట్టి, అప్పుడు పడుకోండి. టాంకీయే కారుతుంటే కాక్ మూసినా ఆగదు. పెట్రోలు డబ్బాలోకి వంపి, డబ్బాను కూడా ఇంటి బయటే పెట్టండి.

"అమ్మేయండి తాతా, ఇంకెన్నాళ్లు" అని మనుమలు అంటారు. ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ నుండి పదిహేనేండ్లు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మన సొంత బండికి మాత్రం తనిఖీ చేయించి ఐదేసి ఏండ్లకు ఆర్.సి. పొడిగించుకునే వీలుంది. ఆ తనిఖీకి పోయే ముందైనా టాంకీ విప్పించండి. వానాకాలం టాంకీ నిండుగా ఉంచండి, వారానికి రెండుసార్లైనా మార్కెట్ దాకా పోయి రండి.

భోజనాల తరువాత ఎవరి బండి అయినా చూడాలంటే బయటే ఉంటాను. సెలవు.