కైఫీయత్తులు వ్రాసిన చేతులు

(యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్య, చరిత్ర పరిశోధనలలో విద్యార్థులు చేయు సహాయమును గూర్చి మాట్లాడమని మమ్ములను కోరినారు. ఈ మాట ఎత్తగానే మన ఇండ్లలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "తెలుగో, చరిత్రో చదివిన పిల్లవాడు ఒక ఆచార్యుని కోసం ఊళ్ళు తిరిగి పాటలు, పాత కాగితాలు వ్రాసుకొని వస్తే వానికేమి మిగులుతుంది?" అని. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పుటకు ముందు మన తెలుగువారిలోనే జరిగిన ఒక సంగతి మనవి చేస్తాము.

కావలి వెంకట బొర్రయ్య ఏలూరు కుటుంబమునకు చెందినవాడు. ఇంచుమించు ఇరువది యేండ్ల ప్రాయములో కర్నల్ కాలిన్ మెకంజీ వద్ద పనిలో చేరినాడు. మెకంజీ కొలతల శాఖ అధికారి. దేశమును కొలుచుటతో పాటు దాని చరిత్రను కూడ సేకరింపవలెనని ఆయన కోరిక. కాని ఆయనకు ఈ దేశ భాషలు రావు. శాసనములు చదివినది, కరణముల వద్దనున్న కవిలెలు చూచినది, వృద్ధులను అడిగి వ్రాసుకొన్నది బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి, వారితోడి పండితులు. బొర్రయ్య వల్లనే తనకు ఈ దేశ విజ్ఞానమునకు ద్వారము తెరువబడినదని మెకంజీయే 1817లో ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. అప్పటికి బొర్రయ్య లేడు. 1803లోనే, ముప్పది యేండ్లు నిండకుండ చనిపోయినాడు.

ఆ పని సులభమైనది కాదు. కంపెనీ మనిషి వచ్చి ఊరి వివరములు అడిగితే శిస్తు పెంచుటకో, ఇనాము తీసివేయుటకో అని గ్రామస్థులు భయపడేవారు. ఆ భయమును పోగొట్టి నాలుగు మాటలు రాబట్టుట దొర వల్ల అయ్యేది కాదు. మన మాట, మన మర్యాద తెలిసినవానికే అది సాధ్యము. ఇట్లు కూర్చినవే గ్రామ కైఫీయత్తులు. మన పొరుగున ఉన్న కడప జిల్లా గ్రామముల చరిత్ర వ్రాయువారు నేటికిని వాటినే ఆశ్రయించుచున్నారు.

1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ పనిని తానే కొనసాగింతునని లక్ష్మయ్య అడిగినాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు అందుకు ఒప్పలేదు. వివరములు ఏరి తెచ్చుటకు పనికివచ్చిన దేశీయుడు వాటిని విమర్శించి గ్రంథము వ్రాయుటకు తగడని వారి అభిప్రాయము. ఇది ఇరువురి వల్ల సాగిన పని. అందులో ఒకరి పేరు మాత్రమే సంపుటముల మీద నిలిచినది.

కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌన్ సంగతి మీకు తెలిసినదే. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించినాడు. తన సొంత ధనముతో, అప్పులు చేసి కూడ పండితులకు జీతములిచ్చి, ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించినాడు. శిథిలమగుచున్న మెకంజీ కాగితములకు కూడ నకళ్ళు తీయించినాడు. జూలూరి అప్పయ్య వంటి ఆ పండితులు లేనిదే బ్రౌన్ సేకరణ లేదు. బ్రౌన్ పేరు ఎరుగని తెలుగువాడు అరుదు. అప్పయ్య పేరు ఎరిగినవారు మనలో ఎందరు?

మన నంద్యాలకే వద్దాము. పదునారవ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల ప్రభువు కృష్ణరాజునకు అంకితమిచ్చినాడు. కవి పేరు నిలిచినది, ప్రభువు పేరు నిలిచినది. దానిని తాటాకుల మీద తరతరములుగా ఎత్తి వ్రాసి మన వరకు చేర్చినవారి పేర్లు మాత్రము పోయినవి.

ఇక ఇప్పటి పని. 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గూర్చి ఆళ్ళగడ్డ ప్రాంతములో పాటలున్నవి. దొరతనమువారి కాగితములలో ఆయన తిరుగుబాటుదారు. పాటలో ఆయన వేరొకరు. చరిత్రకారునికి రెండును కావలెను. కాగితము భద్రముగా బీరువాలో ఉన్నది. పాట వృద్ధుల గొంతులో ఉన్నది. ఏది ముందు పోవునో చెప్పనక్కరలేదు.

పాటను నేడు సెల్‌ఫోను పట్టగలదు. దానిని అక్షరములలో పెట్టు యంత్రములు కూడ వచ్చినవి. అయినను పాడినవారి పేరేమి, ఊరేది, ఎవరి వద్ద నేర్చినారు అని అడిగి, తేదీతో వ్రాయవలసినవాడు విద్యార్థియే. అవ్వ "యాడికి పోతాండావు" అంటే, దానిని "ఎక్కడికి పోతున్నావు" అని దిద్దకుండ ఉండవలసినవాడును అతడే. ఒకే పాటను ఇద్దరు రెండు విధములుగ పాడితే, బాగున్నదానిని ఏరుకొనక రెండును వ్రాయవలెను. ఇది చిన్న పని కాదు. ఇక్కడ విద్యార్థి తప్పు వ్రాస్తే పైన ఆచార్యుడు ఎంత గొప్ప సిద్ధాంతము కట్టినను అది ఇసుక మీది ఇల్లే.

మన సంఘముల పాత రిజిష్టర్లు కూడ ఇట్టివే. బాప్తిస్మము, వివాహము, సమాధి, ఈ మూడు పట్టీలలో మన తాతముత్తాతల పేర్లు, ఊళ్ళు, వృత్తులు ఉంటవి. 1876–78 నాటి గొప్ప కరవు కర్నూలు జిల్లాను ఎంత కాల్చినదో గ్రంథములు లెక్కలలో చెప్పును. అంత పాత పట్టీ ఒక్కటి చెదపురుగుల పాలు కాకుండ ఉంటే అది పేర్లతో చెప్పును. దానిని జాగ్రత్తగా చదివి నకలు తీయుటకు మన కళాశాల పిల్లలకంటె తగినవారెవరు?

తల్లిదండ్రుల ప్రశ్నకు ఇప్పుడు జవాబు. ఈ పనిలో ధనము తక్కువ, ఉద్యోగములు కొద్ది. ఆ నిజము దాచము. కాని పాత వ్రాత చదువుట, పరుల మాట ఓపికతో వినుట, విన్నది విన్నట్లు వ్రాయుట అను మూడు విద్యలు వచ్చును. అవి ఏ కొలువునకైనను పెట్టుబడియే.

ఇక పని చేయించు పెద్దలకు మా మనవి. విద్యార్థికి దారి ఖర్చు, తగిన కూలి ఇవ్వండి. పుస్తకము అచ్చయినప్పుడు అతని పేరును, పాడిన అవ్వ పేరును అందులో వేయండి. సేకరించినదాని ప్రతి ఒకటి ఆ ఊరికే ఇవ్వండి. లక్ష్మయ్యకు మూసిన తలుపు మన పిల్లలకు మూయవద్దు. నేడు వివరములు మోసుకొని వచ్చినవాడు రేపు గ్రంథము వ్రాయవలెను.

సెలవు.