పాత కంప్యూటరును పారేయకముందు

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను హోసూరులో ఇరవై ఏళ్లు కంప్యూటర్లు బాగుచేసినవాణ్ణి. కొన్ని ఇళ్లలో విండోస్ 98 కంప్యూటరు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఇంకా అటక మీద ఉన్నాయి. "ప్రింటు రాదు, నెట్ రాదు" అని తూకానికి వేసేస్తారు. తల్లిదండ్రులారా, వేసేముందు ఒక ఆదివారం పిల్లల చేతికివ్వండి. పాలిటెక్నిక్‌లో చేరబోయే వారికి ఇంత చవకైన ప్రయోగశాల దొరకదు. అమ్మాయిలకూ ఇవ్వండి, మన ఇళ్లలో స్క్రూడ్రైవరు అబ్బాయికే ఎందుకిస్తారో నాకు తెలియదు. పవర్ సప్లై డబ్బా, పిక్చర్ ట్యూబు మానిటరు మాత్రం విప్పనివ్వకండి. కరెంటు తీసినా షాకు కొడతాయి.

పిల్లలూ, ప్రింటు రాకపోగానే డ్రైవరు తీసి మళ్లీ వేస్తారు చాలామంది. అది చివరి పని. ముందు రెండు యంత్రాలూ ఆపి, కేబులు తీసి, ప్రింటరును ఒంటరిగా పరీక్షించండి. ఎప్సన్ ఎల్‌ఎక్స్-300 అయితే కాగితం పెట్టి, ఎల్‌ఎఫ్/ఎఫ్‌ఎఫ్ మీట నొక్కిపట్టి స్విచ్చి వేయండి. తనంతట తానే అక్షరాలు కొడితే ప్రింటరు బాగున్నట్లే. ఆపి, కేబులు బిగించి, మళ్లీ ఆన్ చేసి, డాస్‌లో 'డిర్ > ఎల్‌పిటి1' అని ఇంగ్లీషులో టైపు చేయండి. ఫైళ్ల పట్టిక కాగితం మీదికి వస్తే కేబులు, పోర్టు కూడా మంచివే. అప్పుడు విండోస్ డ్రైవరు సంగతి చూడండి. రాకపోతే వేరే కేబులు పెట్టండి, బయోస్‌లో ప్యారలల్ పోర్టు ఆపి ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి వాడని యంత్రంలో రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయి, బయోస్ అమరికలు చెరిగిపోవడం మామూలే.

నెట్‌వర్కుకూ ఇదే వరుస. 'పింగ్ 127.0.0.1'కు జవాబొస్తే కంప్యూటరులో టిసిపి/ఐపి ఉంది. 'విన్‌ఐపిసిఎఫ్‌జి'లో అడ్రసు 169.254తో మొదలైతే రౌటరు నుంచి అడ్రసు అందలేదు; కేబులు, కార్డు మీది దీపం చూడండి. రౌటరుకు పింగ్ వెళ్తుంటే ఇంట్లో వైరింగు సరే.

అయినా చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. అది మీ లోపం కాదు. విండోస్ 98కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2006 జూలైలో ముగిసింది; నేటి సైట్లు కోరే టిఎల్‌ఎస్ 1.2 దాని ఎక్స్‌ప్లోరరుకు రాదు. అక్కడ గంటలు పోగొట్టుకోవద్దు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫోనులోనో నెట్ సెంటరులోనో పంపండి, గడువు మీ కోసం ఆగదు. పాస్‌వర్డులు కూడా ఆ పాత యంత్రంలో కొట్టకండి.

బయట బల్ల మీద ఒక ప్రింటరు, కంప్యూటరు పెట్టించాను. ఒక లోపం నేనే పెట్టాను. నోటుబుక్కు తెచ్చుకొని, ఒకసారికి ఒక్కటే మార్చి, చూసినది రాసుకుంటూ కనిపెట్టండి. భోజనాలయ్యేవరకు అక్కడే ఉంటాను.