మెయిల్ వ్యాన్ నుంచి వీడియో గేము దాకా

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు వారం క్రితం ఫోన్ చేసి, "ఏవండీ, ఈసారి డీఏ గురించీ, మెడికల్ కార్డుల గురించీ, వేతన సంఘం గురించీ మాట్లాడేవాళ్ళు నలుగురున్నారు. మీరు ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు. ఏం మాట్లాడమంటారని అడిగాను. "పొద్దస్తమానం టీవీ ముందు కూచుని ఏదో ఆట ఆడుతున్నారటగా, అదే చెప్పండి" అన్నారు. ఆయనకీ సంగతి ఎవరు చేరవేశారో నాకు తెలుసు. ఆవిడ మూడో వరసలో కూచుని ఉంది.

నాకిప్పుడు 75 ఏళ్ళు. 1972లో ఆర్.ఎం.ఎస్.లో సార్టర్‌గా చేరాను. పిన్‌కోడు వచ్చిన సంవత్సరమే నేనూ వచ్చాను. 2010లో రిటైరయ్యాను. ఆ తరవాత పధ్నాలుగేళ్ళు నేను చేసిన ఘనకార్యం పొద్దున పేపరూ, సాయంత్రం గుడీ, మధ్యలో బ్యాంకూ. వీడియో గేములంటే నాకు తగని మంట. ఆ మంట వెనక ఒక పాత కథ ఉంది, చివర్లో మనవి చేసుకుంటాను.

2024 వేసవి సెలవులకి పూనా నుంచి మా మనవడు వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. అరచెయ్యంత పెట్టె ఒకటి తెచ్చి మా టీవీకి తగిలించాడు. నింటెండో వారిదట. ఆ కంపెనీ 1889లో జపాన్‌లోని క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలైందని తరవాత తెలిసింది. అంటే పేకాటరాయుళ్ళని తయారుచేయడంలో వాళ్ళకి నూట ముప్ఫై అయిదేళ్ళ అనుభవం ఉందన్నమాట. వాడు ఆడుతుంటే వచ్చే కుయ్ కుయ్ చప్పుళ్ళకి నేను పేపరు తీసుకుని వరండాలోకి పోయేవాణ్ణి.

ఒకరోజు వాడు ఏదో పాతకాలపు ఆట పెట్టుకున్నాడు. నిలువుగా ఒక బావిలాంటిది. పైనుంచి రంగురంగుల ముక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. కళ్ళజోడు కోసం లోపలికి వచ్చినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ఒక ముక్క తప్పు చోట పడబోతోంటే నాకు తెలియకుండానే "ఒరే, ఎడమకి, ఎడమకి!" అని అరిచాను. వాడు వెనక్కి తిరిగి, "తాతయ్యా, నువ్వు ఆడతావా?" అన్నాడు.

ఆ ఆట పేరు టెట్రిస్. ఎరగనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. ముక్కలు ఏడు రకాలు. ప్రతిదీ నాలుగు గళ్ళు అతికిస్తే వచ్చే ఆకారమే. ఒకటి నిలువు కర్ర, ఒకటి పలక, మిగతావి వంకరటింకరవి. దిగుతున్న ముక్కని పక్కలకి జరపవచ్చు, తిప్పవచ్చు, ఆపలేం. అడుగున సందు లేకుండా ఒక అడ్డవరస నిండితే ఆ వరస మాయమైపోతుంది, పైవి కిందికి దిగుతాయి. సందులు మిగిలితే గుట్ట పెరిగి బావి నోటిదాకా వస్తుంది. అంతటితో ఆట సరి. ఆడేకొద్దీ ముక్కలు జోరుగా దిగుతాయి.

సోదరులారా, ఇది మనం చెయ్యని పనా? మీలో సార్టింగ్ కేసు ముందు నిలబడ్డవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. కుటుంబసభ్యుల కోసం చెబుతున్నాను. రాత్రి బెజవాడలో మెయిల్ వ్యాన్ ఎక్కితే ఎదురుగా వరసలు వరసలుగా గూళ్ళు. ఎడమచేతిలో ఉత్తరాల కట్ట. కుడిచెయ్యి చిరునామా చూసి గూట్లో పడేస్తుంటే, కన్ను అప్పటికే కింది ఉత్తరం మీదికి వెళ్ళిపోవాలి. ఏలూరు బ్యాగు ఏలూరులో దిగాలి. రాజమండ్రి వచ్చేసరికి రాజమండ్రిది కట్టి, సీలు వేసి, తలుపు దగ్గర ఉండాలి. సామర్లకోట, అన్నవరం, తుని, అనకాపల్లి ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. బండి మనకోసం ఆగదు. ఒక ఉత్తరం తప్పు గూట్లో పడితే రెండు రోజులు ఊళ్ళు తిరిగొస్తుంది. ఆ మర్నాడు ఎవరో ఒకరి ఇంటర్వ్యూ పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశాక ఆ పని చేతుల్లో ఉండిపోతుంది కాని తలలో ఉండదు. రిటైరయిన రోజున అందరూ శాలువా కప్పి పంపించారు. చేతులకి మాత్రం ఎవరూ రిటైర్‌మెంటు ఆర్డరు ఇవ్వలేదు. నిద్రలో దుప్పటిని కట్ట కట్టేవాణ్ణని మా ఆవిడ అంటుంది.

ఆ ఆటలో కూడా ఒక ముక్క దిగుతుండగానే పక్కన రాబోయే ముక్క కనిపిస్తుంది. అది చూడగానే నా బొటనవేలు దానంతట అది కదిలింది. మొదటి రోజు ఏడు వరసలు చేశాను. మనవడు జాలిపడ్డాడు. వాళ్ళు తిరుగు ప్రయాణం కట్టేనాటికి నలభై చేశాను. మా అబ్బాయి వచ్చి, "ఆ పెట్టె ఉంచుకో నాన్నా, వాడికి వేరేది కొంటాలే" అన్నాడు. దసరాకి నూరు దాటాను. ఇప్పటికి నా రికార్డు 148 వరసలు. చప్పట్లు కొట్టకండి, ఆగండి. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ళ కుర్రవాడు ఒకడు ఈ ఆట పాత నింటెండో రూపంలో 157వ లెవెల్‌కి చేరాడు. అక్కడ ఆ ఆటే కొయ్యబారిపోయింది. సుమారు 40 నిమిషాల ఆట. అంతకు ముందు చాలా ఏళ్ళపాటు 29వ లెవెల్ దాటడం మనిషి వేళ్ళవల్ల కాదనుకున్నారట.

ఈ ఆట పుట్టుక గురించి కూడా చెప్పాలి, మనకి దగ్గర సంగతి. దీన్ని తయారుచేసినాయన అలెక్సీ పజిట్నోవ్. 1984లో మాస్కోలో, సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో ఉద్యోగి. అంటే మనలాగే సర్కారు నౌకరీ. ఆయన వాడిన యంత్రానికి బొమ్మ గీయడం రాదు. అందుకని బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి గళ్ళుగా చూపించాడు. 1989లో చేతిలో పట్టుకు ఆడే గేమ్‌బాయ్ యంత్రంతో కలిపి అమ్మేసరికి ఆట ప్రపంచమంతా పాకింది. డబ్బు కుప్పలుగా వచ్చింది. ఆయనకి మాత్రం చాలా ఏళ్ళు పైసా రాయల్టీ లేదు. ఉద్యోగంలో ఉండగా చేసింది గనక హక్కులు ప్రభుత్వానివి. 1996లో గాని ఆ హక్కులు ఆయన చేతికి రాలేదు. పన్నెండేళ్ళ ఎరియర్సు! మన ఎరియర్సు ఫైళ్ళు తలుచుకుని ఊరట పడవచ్చు.

ఇంతవరకూ తియ్యగా చెప్పాను. చేదు కూడా చెప్పకపోతే మూడో వరసవారు ఊరుకోరు.

మా ఆవిడకి ఇరవై ఏళ్ళుగా చక్కెర వ్యాధి. రాత్రి ఎనిమిదింటికి ఇన్సులిన్ నేనే వేస్తాను. అరగంటలో అన్నం వడ్డించేదీ నేనే, మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎక్కువసేపు నిలబడలేదు. 2024 ఆగస్టులో ఒకరోజు సూది వేసి, అన్నం వార్చి, "ఒక్క ఆట ఆడి వస్తా" అన్నాను. ఆ ఒక్క ఆట బాగా సాగింది. సాగిందని ఇంకొకటి. మధ్యలో ఆవిడ పిలిచినట్టుంది, "ఆఁ, ఆఁ" అన్నానట. కంచం కింద పడ్డ చప్పుడుకి తల తిప్పితే గడియారంలో తొమ్మిదీ పది. వంటింట్లో గోడకి ఆనుకుని కూచుని ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. చక్కెర నీళ్ళు తాగించాను. పావుగంటకి తేరుకుంది. డాక్టరుగారు మర్నాడు నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. ఇన్సులిన్ వేసి భోజనం ఆలస్యం చేస్తే మనిషి దక్కకపోవచ్చునని ఆయన మెల్లగానే చెప్పారు.

ఆ పెట్టె మూడు వారాలు బీరువాలో పెట్టేశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా 2019లో గుర్తించింది, 2022 నుంచి వారి వ్యాధుల జాబితాలో అది అమలులో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందవడం, నష్టం కళ్ళెదుట కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా ఉంటే జబ్బు అంటారు. నాది ఏడాది కాలేదు కదా అని సమాధానపడటానికి మనసొప్పలేదు. చివరికి ఆవిడే పెట్టె బయటికి తీసి, "ఆడుకోండి, మీ మొహం చూడలేక చస్తున్నా. కాని ఇద్దరి భోజనాలూ అయ్యాకే" అంది. అప్పటినుంచి అలారం పెట్టుకుని ముప్పావుగంట ఆడతాను.

మెదడు చురుగ్గా ఉంటుంది, మతిమరుపు రాదు అని కొందరు ఈ ఆటలు అంటగడుతుంటారు. నమ్మకండి. ఇలాగే ప్రచారం చేసుకున్న ఒక అమెరికన్ కంపెనీ రుజువు చూపించలేక 2016లో ఇరవై లక్షల డాలర్లు చెల్లించుకుంది. ఈ ఆటవల్ల నాకు టెట్రిస్ వచ్చింది, అంతే. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ రోజూ వెతుక్కుంటున్నాను.

ఇంకొకటి. మన సభ్యుల్లో ఒకరు, పేరు చెప్పను, ఫోన్‌లో రమ్మీ ఆడి, కమ్యుటేషన్ మీద వచ్చిన సొమ్ములో సగం పోగొట్టుకుని ఒక రాత్రి మా ఇంటికి వచ్చి ఏడ్చారు. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఏదో పేరుతో లింకులు వస్తూనే ఉంటాయి. పింఛను ఖాతా ఉన్న ఫోన్‌లో ఏ ఆటా పెట్టుకోకండి. నా ఆట పెట్టెకి నా ఖాతా నంబరు తెలియదు.

ఇక పాత కథ. 1996లో మా అబ్బాయి పదో తరగతి. వీధి చివర దుకాణంలో గంటకింత అని పుచ్చుకుని వీడియో గేములు ఆడనిచ్చేవారు. వాడు అక్కడే ఉండేవాడు. అది మాన్పించాలని నేనే బీసెంట్ రోడ్డులో ఒక సెట్టు కొన్నాను. క్యాసెట్ మీద లక్షల్లో ఆటలని అచ్చువేసి ఉంది. తీరా పెడితే ఓ పాతిక ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల్లో 41 వచ్చాయి. నైట్ డ్యూటీ చేసి తెల్లవారి ఇంటికొస్తే వీడు టీవీ ముందు. వైర్లు పీకేశాను. సెట్టుని గుడ్డసంచీలో వేసి, మూతికి పురికొస కట్టి, లక్కతో సీలు వేశాను. డిపార్టుమెంటు బ్యాగు కాదు, అలా చూడకండి. అటక మీద పెట్టి, "పరీక్షలయ్యాక తీస్తాను" అన్నాను. వాడు ఏడవలేదు. పరీక్షలయ్యాయి, ఫస్టు క్లాసు వచ్చింది. ఇంటర్మీడియట్ ఉందిగా అన్నాను. తరవాత ఎంసెట్ అన్నాను. 2001లో ఇల్లు మారినప్పుడు సంచీని సీలుతో సహా పాత సామాన్లవాడికి వేసేశాను. వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఉత్తరం పక్క ఊరికి పోతేనే నిద్రపట్టని మనిషిని, మాట ఇచ్చిన సంచీ చేర్చకుండా హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు పూనా నుంచి మనవడూ, అబ్బాయీ, ఇక్కడినుంచి నేనూ ఒకేసారి ఆడతాం. మొన్న చలికాలంలో ఒక ఆదివారం మనవడికి జ్వరం, మేమిద్దరమే. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆడుతున్నాం. వాడి చెయ్యి చూస్తే ఇది ఇప్పుడు నేర్చిన చెయ్యి కాదు. ఆట మధ్యలో అనేశాను, "ఒరే, ఆ అటక మీది సంచీ... నేను తియ్యాల్సింది."

కాసేపు వాడు మాట్లాడలేదు. ముక్కలు పడుతూనే ఉన్నాయి. తరవాత, "నాన్నా, నీ సీలు నేను ముట్టుకోలేదు. పక్క కుట్టు విప్పాను. నువ్వు డ్యూటీకి వెళ్ళిన రాత్రుళ్ళు ఆడేవాణ్ణి. తెల్లారేలోగా అమ్మ మళ్ళీ కుట్టేసేది" అన్నాడు.

పాడుచేసిన బ్యాగుని చేత్తో తడిమి పట్టేస్తానని పేరున్నవాణ్ణి నేను. నా ఇంట్లోనే అయిదేళ్ళు!

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "గేటు చప్పుడైతే గుండె ఆగిపోయేది నాన్నా. ఒక్కోసారి మాత్రం, నువ్వొచ్చి చూస్తే బాగుండును అనిపించేది. ఒక లెవెల్ దాటాను, ఎవరికీ చెప్పడానికి లేదు" అన్నాడు. ఏ ఆటరా అని అడిగాను. ఇటుకల ఆట అన్నాడు. ఇదే.

ఆ పూట నా గుట్ట బావి నోటిదాకా వచ్చేసింది, చూసుకోలేదు.

కుట్టు సంగతి మూడో వరసవారు ఇంతవరకు ఒప్పుకోలేదు. నవ్వుతోంది, మీరే చూడండి. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఇవాళ ఆదివారం, ఐదుంపావు అయింది. ఆరింటికి అబ్బాయి పెట్టె ముందు కూచుంటాడు. నేను ఆటో చూసుకోవాలి.