పాత కారులో వేడి ముల్లును నమ్మవచ్చునా?



బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తరువాత చెరకు రైతుకు దూరపు మిల్లులకు తిరుగుడు పెరిగింది. కటింగు ఆర్డరుకో, చెరకు బిల్లుకో పాత కారు తీసి బయలుదేరితే, ఎండాకాలం నిజామాబాదు రోడ్డు మీద వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది. ఇంజన్ నిజంగా కాగిందా, ముల్లే అబద్ధమాడుతున్నదా? ఇది తేల్చుకోకుండా ఇంజన్ విప్పించినవారికి డబ్బు దండుగ. ముల్లు మాట కొట్టివేసి బండి తోలినవారికి హెడ్డు వంగి ఇంజనే దండుగ.

దారిలో ముల్లు ఎక్కితే వెంటనే బండి ఆపండి. ఆవిరి వచ్చినా, నీళ్ళు కారినా వేడి నిజమే అనుకోండి. చల్లారేవరకు రేడియేటరు మూత ముట్టవద్దు; మరిగిన నీరు మీదికి చిమ్ముతుంది.

ఇక సెన్సారు సంగతి. ఇది ఇంజన్ నీటిలో కొన మునిగివుండే చిన్న ముక్క. నీరు వేడెక్కినకొలది దానిలో విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చాలా పాత కార్లలో ముల్లుకు ఒంటి తీగ సెన్సారు, కంప్యూటరు ఉన్న బండిలో దానికి రెండు తీగల సెన్సారు వేరుగా ఉండుట కద్దు.

తెల్లవారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముందు నీటిమట్టం చూడండి. కొన నీటిలో మునగకుంటే సెన్సారు మాట నమ్మరాదు. తరువాత తాళం తిప్పండి. చల్లని ఇంజన్‌కే ముల్లు వేడి చూపితే ఒంటి తీగను ఊడదీయండి. ముల్లు కిందికి పడితే సెన్సారు చెడినది. పడకుంటే తీగ ఎక్కడో ఇనుముకు తగులుచున్నది, లేదా మీటరు చెడినది.

ఇంజన్ కాగినా ముల్లు అసలే లేవకుంటే, ఆ తీగ కొసను ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకు తాకించండి. లేచిందా, తీగ, మీటరు బాగున్నవి. సెన్సారును, ఆపైన థర్మోస్టాటును చూడవలెను. రెండు తీగల సెన్సారుకు ఈ పని చేయరాదు.

దానిని చల్లని ఇంజన్ నుంచి విప్పి, కొనను గిన్నెడు నీళ్ళలో ముంచి, మల్టీమీటరు పెట్టండి. చాలా బండ్లలో 20 డిగ్రీలకు 2,000 నుంచి 3,000 ఓములు, 80 డిగ్రీలకు సుమారు 300 ఓములు చూపుతుంది. నీళ్ళు కాగుతున్నకొద్దీ అంకె మెల్లగా దిగాలి. దిగకున్నా, నడుమ ఎగిరిపడినా సెన్సారు మార్చవలసిందే. లేకుంటే ఇంజన్ చల్లగా ఉన్నదని కంప్యూటరు భ్రమపడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, నల్లపొగ వస్తుంది, ఫ్యాను వేళకు తిరగకపోవచ్చు.

సెన్సారు, తీగ, మీటరు బాగున్నా ముల్లు ఎక్కుతున్నదంటే అది నిజమే చెబుతున్నది. ఫ్యాను, పంపు, రేడియేటరు చూపించండి. ఆకు పసుపెక్కితే వేరు చూడకుండా మందు కొట్టము గదా! సెలవు.