కోడి దాచే జబ్బును మనమే పసిగట్టాలి



కోడి జబ్బును దాచుకుంటుంది. నలతగా కనబడితే తోటి కోళ్లు పొడుస్తాయి. అది ముడుచుకుని కూర్చునేసరికే లోపల జబ్బు ముదిరిపోయి ఉంటుంది. మనం అంతకు ముందే పసిగట్టాలి.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. దాణా, నీళ్లు, గుడ్లు, తోలుగుడ్లు ఎన్నో రోజూ రాసుకుందాం. లెక్క తప్పిన రోజే కోళ్లను పట్టి చూద్దాం. బాగా కొవ్వు పట్టిన పెట్టల్లో తురాయి పాలిపోయి, ఉన్నట్టుండి ఒకటీ అరా చనిపోతుంటే కాలేయం చెడి ఉండవచ్చు. పొట్ట ఉబ్బి, పెట్ట నిటారుగా నిలబడుతుంటే పచ్చసొన కడుపులోకి జారి కుళ్లుతుండవచ్చు. ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ మెలి తిరగడం కలిసి వస్తే కొక్కెర తెగులేమో అనుమానించాలి.

అనుమానంతోనే మందు పోయొద్దు. యాంటీబయాటిక్ గుడ్డులోకీ చేరుతుంది. అప్పుడే చనిపోయిన కోడిని పశువైద్యుడితో కోయించి చూపిద్దాం. ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోతే మాత్రం మనం కోయకుండా, ఎక్కడికీ తరలించకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు కబురు చేద్దాం.

గుడ్డు ధర మన చేతిలో లేదు. దండగ మందుల ఖర్చు ఆపడం మన చేతిలో ఉంది. కోళ్ల జబ్బుల పరీక్షా కేంద్రం మనకు దగ్గరలో ఉండాలని సంఘంగా గట్టిగా అడుగుదాం.