ఒంటికి టెన్షన్ ఎక్కితే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు విన్నారు. నాకు భోజనాలకు ముందు టైమ్ ఇచ్చారు. ఆకలైతున్నదని తెలుసు, తొందరగనే చెప్తా.

నేను ఇరవై ఏండ్లకు పైన ఈ మండలంలో నర్సమ్మగా తిరిగిన. మీ లెక్కనే ఒక సంఘంలో సభ్యురాలిని కూడా. సబ్ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్ల మాటలు చాలావరకు ఒక్కతీరుగ ఉంటాయి. "నర్సమ్మా, గుండె దడదడ అంటున్నది. నిద్ర పడ్తలేదు. మెడలు గుంజుతున్నయి. బువ్వ పోతలేదు." బీపీ చూస్తాం, రక్తం పరీక్ష చేస్తాం. కొందరికి రక్తం తక్కువుంటది, కొందరికి థైరాయిడ్ ఉంటది. కొందరికి ఏమీ దొరకదు. అప్పుడు ఇంట్లోవాళ్లు "దానికేం లేదు, ఉట్టిగనే టెన్షన్" అంటారు. ఆ "ఉట్టిగనే" అన్న మాట మీదనే నాకు కోపం.

మన నవీపేట్ మేకల సంత అందరం చూసిందే. మేకల మంద దగ్గరికి ఒక కుక్క వచ్చిందనుకోండి. చెవులు నిలబడతయి, మేత నోట్లనే ఆగిపోతది, కాళ్లు బిగుస్తయి. కుక్క పోయినంక కొంచెంసేపటికి మళ్లీ నెమరు మొదలుపెడతయి. మన ఒళ్లూ అంతే. భయం కనబడంగనే మెదడు కబురు పంపుతది. రెండు కిడ్నీల మీద టోపీల లెక్క రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దిగుతది, దీనికి సెకండ్లు చాలు. గుండె వేగం పెరుగుతది, ఊపిరి పైపైన ఆడుతది, అరచేతులు చెమట పడతయి, నోరు ఎండుతది. లివర్ దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతది, ఎందుకంటే ఉరకాలంటే కాళ్లకు బలం కావాలె. కొద్ది నిమిషాలకు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ పెరిగి, ఆ బలం తగ్గకుండా చూస్తది. ఇది రోగం కాదు. గట్టు మీద పాము కనబడ్డప్పుడు మనల్ని బతికించేది ఇదే.

మరి బువ్వ ఎందుకు పోదు? అమెరికాలో వాల్టర్ కానన్ అనే ఆయన వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో పిల్లుల కడుపు కదలికలు చూసిండు. పిల్లి బెదిరితే కడుపు కదలడం ఆగిపోయింది, నిమ్మళమైతే మళ్లీ మొదలైంది. ఆ సంగతి 1898లో అచ్చయింది. కాబట్టి కోడలు తినకుంటే "నకరాలు" అనకండి. కడుపే ఆగిపోయి ఉండొచ్చు.

మేకకు కుక్క వెళ్లిపోతది. మనకు పోదు, అదీ కష్టం. సాయంత్రం వరకు వెయ్యి బీడీలు కావాలె, తునికాకు బాగలేదు, టేకేదారు కట్టలు పక్కన పడేస్తడేమో. ఇంటాయన దుబాయిల ఉన్నడు, రెండు నెలల నుంచి పైసలు లేవు, ఫోన్ చేస్తే ఎత్తడు. బోధన్ దిక్కు అక్కలకు ఇంకొకటి తెలుసు. 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డది. తెరుస్తరంట అని ఒకరోజు, తెరవరంట అని ఇంకోరోజు. పోయింది పోయిందనుకుంటే మనిషి ఏడ్చి ఇంకో పని చూసుకుంటది. ఎటూ తేలకపోతేనే ఒళ్లు ఎప్పుడూ ఉరకడానికి సిద్ధంగ ఉంటది. రాత్రి తగ్గాల్సిన కార్టిసాల్ సరిగ్గ తగ్గదు, నిద్ర చెడుతది. నెలలు గడిచేకొద్దీ బీపీ, షుగర్ పెరగొచ్చు, నెలసరి తప్పొచ్చు, కోపం, మతిమరుపు రావొచ్చు.

అమెరికాలోనే ఒహాయోలో 1995లో ఒక పరీక్ష చేసిన్రు. మతి తప్పిన ఇంటి ముసలోళ్లను చూసుకునే 13 మంది ఆడవాళ్లకు, అట్లాంటి భారం లేని 13 మందికి, చేతి మీద ఒకే కొలతతో చిన్న గాయం చేసి చూసిన్రు. భారం మోసేవాళ్లకు గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచాన పడ్డ అత్తనో, అమ్మనో చూసుకునే వాళ్లు ఈ హాల్లో ఎందరున్నరో చేతులెత్తమని నేను అడగను. మీకు తెలుసు.

ఇప్పుడు చెప్పాలని వచ్చిన మాట చెప్తా. ఇది చెప్పడం నాకు సులువు కాదు.

కొన్నేండ్ల కింద మా సంఘంలో ఒకామె మూడు కిస్తీలు కట్టలేదు. మేం ఆరుగురం పోయి ఆమె వాకిట్ల కూర్చున్నం. "కట్టేదాక లేవం" అన్నం. అప్పుడు అందులో తప్పు కనబడలేదు. ఒక్కరు కట్టకుంటే బ్యాంకులో సంఘం పేరే చెడుతదని కదా మనకు నేర్పింది. పక్కింటోళ్లు చూసిన్రు, ఆమె బిడ్డ చూసింది. ఆ నెలలోనే ఆమె గుండె దడ అని నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. బీపీ చూసిన, ఈసీజీకి పంపిన, మందులిచ్చిన. మూడోసారి వచ్చినప్పుడు చేతులు వణుకుతున్నయి, చుట్టిన బీడీలు వదులైతున్నయని తిప్పి పంపుతున్నరట. "ఏమైతున్నదమ్మా?" అని అప్పుడు అడిగిన. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాకిట్ల చెప్పుల సప్పుడు ఇంటే చాలు నర్సమ్మా, పాణం పోయినట్టైతది" అన్నది.

ఆ చెప్పులల్ల నావి ఒక జత. మందిచ్చిందీ నేనే, దడ పుట్టించిందీ నేనే.

2010 సంగతి మీలో పెద్దవాళ్లకు యాదుంటది. మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లకు తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నరని ఊరూరి నుంచి వార్తలొచ్చినయి. ఆ అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం కాదు నెలకొకసారే కట్టించుకోవాలని, ఇంటి మీదికి పోకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోటనే వసూలు చేయాలని అందులో పెట్టింది. కంపెనీని తిట్టినం, మంచిదే. కానీ వాకిట్ల కూర్చునే పద్ధతి మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆమెకు తర్వాత సంఘం మీటింగులో కిస్తీ సగం చేసినం, తీర్మానం రాసినం. వెంటనే బాగైపోలేదు. నిద్ర సరిగ్గ పట్టడానికి ఏడాది దాకా పట్టింది. అప్పు మాత్రం తీరింది.

దడ మొదలైనప్పుడు చేసేది ఒకటి చెప్తా, ఖర్చు లేదు. మెల్లగ ముక్కుతోని నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరో ఏడో లెక్కపెడుతూ వదలండి. వదిలేది పొడుగుండాలె, అప్పుడే గుండె నెమ్మదిస్తది. ఐదు నిమిషాలు చేయండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి గుంజడం, చెమటలు ఉంటే మాత్రం టెన్షనే అని ఊకోకండి, వెంటనే 108కి చేయండి. నిద్ర లేక రెండు వారాలు దాటినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడుతరు. "పిచ్చోళ్ల ఫోన్" అని ఎవరన్నా నవ్వితే నా దగ్గరికి పంపండి.

ఊపిరి పీలిస్తే కిస్తీ తీరదని నాకూ తెలుసు. అందుకే అధ్యక్షురాలి ముందు ఒక ప్రతిపాదన పెడుతున్న. కిస్తీ తప్పిన సభ్యురాలి ఇంటికి గుంపుగా పోవద్దు, పోతే ఒక్కరే, ఆమెకు దగ్గరి మనిషే పోవాలె. పోయినామె పైసల మాటకన్నా ముందు "నిద్ర పడుతున్నదా, తింటున్నవా" అని అడగాలె. కిస్తీ తగ్గించే మాట మీటింగులోనే, ఆమె ఉన్నప్పుడే మాట్లాడాలె. వసూలు తగ్గుతదని కొందరు వీఓఏలు అంటున్నరు, ఆ భయం ఉత్తది కాదు. ఆరు నెలలు చేసి చూద్దాం, పుస్తకాలు మన దగ్గరనే ఉన్నయి కదా.

భోజనాల దగ్గర, నీళ్ల క్యాన్ పక్కన బీపీ మిషన్ పెట్టుకొని కూర్చుంటా. తినకముందే రండి.